పెచ్చులూడుతున్న బడి భవనం: మరమ్మతా, కొత్త కట్టడమా? డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

బడిగంట

అందరికీ నమస్కారం. మా పిల్లలు చదివే ప్రభుత్వ బడిలో నేను యాజమాన్య కమిటీ సభ్యురాలిని. చదివింది బీకాం. భవనాల గురించి తెలిసింది సున్నా. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

బడిలో రెండు బ్లాకులున్నాయి. రాతి గోడల మీద కట్టిన పాతది బాగానే ఉంది. తర్వాత కట్టిన స్లాబు బిల్డింగుతోనే గొడవంతా. దానికి నలభై ఏళ్లు దాటాయి. వాన పడితే రెండు గదులు కురుస్తాయి, బెంచీలన్నీ ఒక మూలకు జరుపుకోవాలి. ఐదో తరగతి గదిలో బీము అడుగున పెచ్చు ఊడిపోయి, తుప్పు పట్టిన ఊచ మూరెడు పొడవున బయటికి కనిపిస్తోంది. వార్షికోత్సవానికి పిల్లలు ఆ ఊచకే రంగు కాగితాల తోరణం కట్టారు. అందరూ మెచ్చుకుని ఫొటోలు కూడా తీసుకున్నారు.

కమిటీలో సగం మంది కూలగొట్టి కొత్తది కట్టించాలంటారు. మిగతా సగం సిమెంటు పూసి రంగేస్తే ఇంకో పదేళ్లు ఢోకా లేదంటారు. ఏది చేయాలన్నా చేతిలో డబ్బు లేదు. ఏం చూసి నిర్ణయించుకోవాలి? మిగతా చోట్ల ఇలాంటి బడులకు డబ్బు ఎలా సమకూర్చుకున్నారు?

స్లాబు శాస్త్రి

అమ్మా, ముందు ఆ గదిలోంచి పిల్లల్ని వేరే చోటికి మార్చండి. ఈ చర్చ తర్వాత చదువుకోవచ్చు.

మార్చారా? సరే, ఇప్పుడు చెప్తాను. నేను ఇంజనీరింగ్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఊచ బయటికి కనిపించిందంటే వ్యవహారం చాలా ముందే మొదలైందని అర్థం. కాంక్రీటుకు పుట్టుకతోనే క్షారగుణం ఉంటుంది. అది ఉన్నంతకాలం లోపలి ఇనుము తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగుతూ ఆ గుణాన్ని పోగొడుతుంది. అది ఊచ దాకా చేరి, దానికి చెమ్మ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. ఇనుముకన్నా తుప్పు కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ముందు ఊచ వెంబడి సన్నగా బీట పడుతుంది, ఆ తర్వాత పెచ్చు ఊడుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది, మీకు మాత్రం కనపడదు. కొన్నాళ్లకు ఈసారి ఇంకా పెద్ద పెచ్చు పడుతుంది.

కూలగొట్టాలా వద్దా అన్నది కంటితో చూసి చెప్పే మాట కాదు. సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోతే డొల్ల శబ్దం ఎక్కడ వస్తుందో తెలుస్తుంది, అది మొదటి మెట్టు. తర్వాత అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది, క్షారం పోయినచోట రంగే రాదు. రంగు రాని లోతు ఊచ దాకా వచ్చిందా లేదా అన్నదే చూడాల్సింది. రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు గట్టిదనాన్ని పైనుంచే కొట్టి చూసే సాధనం), కోర్ అంటే కాంక్రీటు ముక్క తొలిచి తీసి బలం చూడటం, తుప్పు ఎంత చురుగ్గా ఉందో చెప్పే విద్యుత్ పరీక్ష, ఇవన్నీ ఆ తర్వాత. కొత్త కట్టడం ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్షల ఖర్చు లెక్కలోకి రాదు. అయినా దీన్ని మానేసి నేరుగా ఎస్టిమేటు వేసేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి. మేడ మీదికి ఎక్కి చూడండి. కురిసినప్పుడల్లా పైన ఇంకో పొర వేయించి ఉంటారు. ఆ పొరలన్నీ కలిపి ఎంత మందం అయిందో కొలవండి. ఆ బరువంతా మీ బీము మీదే ఉంది.

గోడమీద పిల్లి

ఇంత టెన్షన్ ఎందుకండీ? నలభై ఏళ్ల బిల్డింగు తన బతుకు తాను బతికేసింది. కూలగొట్టి కొత్తది కట్టేయండి. అసలు ప్రభుత్వ బడుల్లో పిల్లలే తగ్గిపోతున్నారు కదా, పక్క బడిలో కలిపేస్తే ఈ ఖర్చు కూడా ఉండదు.

సుజాత టీచర్

పిల్లి గారూ, పక్క బడి ఎంత దూరమో, మధ్యలో ఎన్ని రోడ్లు దాటాలో తెలియకుండానే కలిపేశారు మీరు. చిన్న తరగతుల పిల్లల విషయంలో నడక దూరం పెరిగితే ముందు మానేసేది ఆడపిల్లలు.

బడిగంట గారికి నాదో మాట. పని ఎప్పుడు చేయిస్తారు, అప్పుడు పిల్లలు ఎక్కడ కూర్చుంటారు అన్నది మొదటి రోజే తేల్చుకోండి. నేను పనిచేసిన ఒక బడిలో వేసవిలో మొదలైన పని తర్వాతి వేసవికి కూడా కాలేదు. రెండు తరగతులు వరండాలో నడిపాం. గోడ కటింగ్ మిషన్ మోతలో ఎక్కాలు చెప్పించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. దుమ్ముకు ఉబ్బసం ఉన్న పిల్లలు నెలల తరబడి రాలేదు. ఎస్టిమేటులో తాత్కాలిక గదులకు ఒక్క రూపాయి రాయలేదు మరి.

వైరింగు సంగతి కూడా మర్చిపోకండి. ఆ కాలంలో రెండు బల్బులు, ఒక ఫ్యాను కోసం వేసిన తీగలవి. ఇప్పుడు వాటి మీదే కంప్యూటర్లు, డిజిటల్ బోర్డు, నీళ్ల మోటారు నడుస్తున్నాయి. స్లాబు గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు.

స్లాబు శాస్త్రి

టీచరమ్మ చెప్పిన వైరింగు మాట నూటికి నూరు పాళ్లు నిజం.

పిల్లలు తగ్గుతున్నారన్న మాటకు జవాబు ఉంది. పిల్లలు తగ్గితే గదులు తగ్గించండి. నాలుగు గదులు చాలనుకుంటే ఆ నాలుగింటినీ గట్టిగా బాగు చేయించి, ప్రమాదకరంగా ఉన్న వాటిని తీసేయండి. తాళం వేసి వదిలేసిన గది కూడా కూలుతుంది, దాని పక్కనే పిల్లలు ఆడుకుంటారు. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో ప్రభుత్వ బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ వార్త చూసి దేశమంతా సర్వేలంటూ హడావుడి పడ్డారు. అంతకుముందు ఆ సర్వేలు చేయడానికి ఏం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పడమటిగాలి

నేను ఉండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ ఎలా చేస్తారో చెప్తాను, అక్కడ ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోండి.

1933 మార్చి 10 సాయంత్రం లాంగ్ బీచ్‌లో భూకంపం వచ్చింది. దాదాపు డెబ్భై బడి భవనాలు నేలమట్టమయ్యాయి. పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు కాబట్టి సరిపోయింది, కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే తలుచుకోవడానికే భయం. నెల తిరిగేసరికి ఫీల్డ్ చట్టం తెచ్చారు. ప్రభుత్వ బడి ప్లాను రాష్ట్ర స్థాయిలో తనిఖీ కావాలి, కడుతున్నంతసేపూ స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ దగ్గరుండి చూడాలి. తొంభై ఏళ్లు దాటినా ఆ చట్టం ఇప్పటికీ నడుస్తోంది.

ఇక డబ్బు. స్థానిక విద్యా జిల్లా బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. ఆ అప్పును ఆస్తి పన్ను మీద అదనపు పన్ను వేసి తీరుస్తారు. అందుకే ముందు ఓటర్లు ఒప్పుకోవాలి. ఒకప్పుడు మూడింట రెండొంతుల ఓట్లు కావాల్సి వచ్చేది. 2000లో జనం ఓటేసి ఆమోదించిన 39వ ప్రతిపాదనతో 55 శాతం వస్తే చాలన్నారు, కానీ షరతులు పెట్టారు. ఏ బడికి ఏం చేస్తారో జాబితా ముందే ప్రకటించాలి. ఏటా స్వతంత్ర ఆడిట్ జరగాలి. పౌరుల పర్యవేక్షణ కమిటీ ఉండాలి, అందులో విద్యా జిల్లా ఉద్యోగులు గానీ కాంట్రాక్టర్లు గానీ ఉండకూడదు. నాకు నచ్చింది ఈ చివరి షరతే.

రాష్ట్రం కూడా వేరుగా బాండ్లు తెస్తుంది. 2020 మార్చిలో 1,500 కోట్ల డాలర్ల బాండును జనం తిరస్కరించారు. 2024 నవంబరులో వెయ్యి కోట్ల డాలర్ల బాండుకు ఒప్పుకున్నారు. అంటే ప్రతిసారీ అడిగిందల్లా ఇచ్చేయరు.

గోడమీద పిల్లి

అబ్బ, ఇది బాగుంది. మన దగ్గరా బాండ్లు అమ్మేస్తే పోలా!

లెక్కల పద్దు

పోదు. ఎందుకు పోదో చెప్తాను. నాది ఆడిట్ ఉద్యోగం, కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

బాండు ఆదాయం కాదు, అప్పు. దాన్ని తీర్చడానికి ఏ రాబడి ఉందన్నది మొదటి ప్రశ్న. కాలిఫోర్నియా విద్యా జిల్లాకు పన్ను వేసే దారి ఉంది, మన బడి కమిటీకి ఏముంది? పడమటిగాలి గారు చెప్పని కథ ఒకటుంది. శాన్‌డియాగో దగ్గర పోవే అనే విద్యా జిల్లా 2011లో సుమారు పదిన్నర కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. ఇరవై ఏళ్ల దాకా ఏమీ కట్టక్కర్లేని రకం బాండు అది. చివరికి కట్టాల్సింది దాదాపు వంద కోట్ల డాలర్లు. ఆ బడుల్లో చదివిన పిల్లలు పెద్దయి, వాళ్ల పిల్లల్ని బడికి పంపేటప్పుడు ఈ అప్పు తీరుస్తూ ఉంటారు. ఈ గొడవ బయటపడ్డాక 2013లో రాష్ట్రం చట్టం చేసి, అలాంటి బాండుకు కట్టే మొత్తం తెచ్చిన అప్పుకు నాలుగు రెట్లు దాటకూడదని పరిమితి పెట్టింది.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నం పెద్ద ఎత్తున చేసింది కేరళ. కిఫ్‌బీ అనే సంస్థ ద్వారా బయట అప్పు తెచ్చి బడులు, ఆసుపత్రులు, రోడ్లు కట్టారు. 2019లో లండన్ మార్కెట్లో మసాలా బాండ్లతో, అంటే విదేశాల్లో రూపాయల లెక్కన అమ్మే బాండ్లతో, 2,150 కోట్ల రూపాయలు తెచ్చారు. మోటారు వాహన పన్నులో వాటా, పెట్రోలు సెస్సు దానికి రాసిచ్చారు. బడులు నిజంగానే మారాయి, కాదనను. కానీ ఆ అప్పంతా రాష్ట్రం అప్పు కిందే లెక్కేస్తామని కేంద్రం పట్టుబట్టింది, రాష్ట్రం మామూలుగా తెచ్చుకునే అప్పులో ఆ మేరకు కోత పడింది. పద్దు పుస్తకం మార్చినంత మాత్రాన అప్పు మాయం కాదు.

పడమటిగాలి

పోవే సంగతి కరెక్టే, పద్దు గారూ. ఇక్కడ ఆ పేరెత్తితే ఇప్పటికీ జనం మండిపడతారు. అయినా అది చెడ్డ బాండు కథ, బాండ్లన్నీ అలాంటివి కావు. యాభై ఏళ్లు నిలిచే భవనానికి డబ్బంతా ఈ ఏడాది పన్నుల్లోంచే కట్టమనడం కూడా న్యాయం కాదు కదా. వాడుకునే తరాలన్నీ కొంచెం కొంచెం మోయాలి.

లెక్కల పద్దు

మోయాలి, ఒప్పుకుంటాను. భవనం బతికే కాలంకన్నా అప్పు తీరే కాలం ఎక్కువ కాకూడదు, అంతే నా వాదన.

బడిగంట

పిల్లల్ని ఆ గదిలోంచి మార్చేశాం, శాస్త్రి గారూ. బీము కింద ఇనుప ప్రాపులు, అంటే తాత్కాలికంగా బరువు మోసే ఊతకంబాలు, పెట్టించమని హెడ్మాస్టర్ గారు అడిగారు, రేపు పెడతామన్నారు. మేడ మీద చూస్తే మీరు చెప్పినట్టే మూడు పొరలు తేలాయి, మొత్తం కలిపి జానెడు ఉంటుంది. నీళ్లు పోయే గొట్టాలు నాలుగూ ఆకులతో, పగిలిన బంతులతో పూడిపోయి ఉన్నాయి. ఒక గొట్టంలో పలక కూడా దొరికింది.

ఒక సందేహం. మన దగ్గర చదువు కోసమే సెస్సు కడుతున్నాం కదా, అది ఎక్కడికి పోతోంది?

స్లాబు శాస్త్రి

జానెడా! పూడిక తీయించకుండా కాంట్రాక్టరుతో మాట్లాడకండి. పిట్టగోడ లోపల నీళ్లు నిలబడితే ఆ బరువు కూడా కలుస్తుంది. బంతులు పిల్లలకు తిరిగి ఇచ్చేయండి.

లెక్కల పద్దు

బడిగంట గారూ, మంచి ప్రశ్న. 2004లో ఆదాయ పన్ను మీద 2 శాతం విద్యా సెస్సు మొదలుపెట్టారు, 2007లో ఇంకో శాతం కలిపారు. 2018 నుంచి ఆరోగ్యం, విద్య కలిపి 4 శాతం. సెస్సు అన్నది రాష్ట్రాలకు పంచే పన్నుల వాటాలో కలవదు, కేంద్రం దగ్గరే ఉంటుంది. అందులోంచి కేంద్ర పథకాల ద్వారా బడులకు వస్తుంది, అదీ చాలామటుకు ఏటేటా అయ్యే ఖర్చులకు. మీ బీముకు నేరుగా చేరదు.

నేరుగా చేరే డబ్బు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు. పిల్లల సంఖ్యను బట్టి ఏడాదికి పది వేల నుంచి లక్ష రూపాయల దాకా ఉంటుంది. ముప్పై మంది లోపు ఉంటే పది వేలు. వెయ్యి మంది దాటితే లక్ష. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. మిగిలిన దాంట్లోనే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, పాడైన సామాను, చిన్న మరమ్మతులు.

సుజాత టీచర్

అందులో సన్‌షేడ్ మరమ్మతు చేయిద్దామనుకున్న ఏడాది కరెంటు బిల్లు బకాయి వచ్చిపడుతుంది. అది మా అందరి అనుభవం, కొత్తగా చెప్పేదేం లేదు.

గోడమీద పిల్లి

అయితే ప్రైవేటు వాళ్లకు ఇచ్చేయండి. వాళ్లే కడతారు, వాళ్లే మెయింటెయిన్ చేస్తారు, ప్రభుత్వం ఏటా అద్దెలా కడుతుంది. ప్రైవేటువాడైతే పని నాణ్యంగా చేస్తాడు. లేదంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బులున్నాయిగా.

పడమటిగాలి

స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో అలాగే కట్టారు. 2016 జనవరిలో తుపాను గాలికి ఒక ప్రాథమిక బడి గోడ నుంచి సుమారు తొమ్మిది టన్నుల ఇటుకలు కూలిపడ్డాయి. తెల్లవారుజాము కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ భవనం వయసు పదేళ్లు! తర్వాత తనిఖీ చేస్తూ పోతే అదే ఒప్పందం కింద కట్టిన మొత్తం 17 బడులు మూసేయాల్సి వచ్చింది. లోపలి గోడనూ బయటి గోడనూ కలిపే ఇనుప కట్లు ఉండాల్సినంత లోతుకు దిగలేదని తేలింది. కడుతున్నప్పుడు కొనేవాడి తరఫున నిలబడి చూసినవాడు లేడు. అందుకే ఇందాక ఇన్‌స్పెక్టర్ గురించి అంతసేపు చెప్పాను.

లెక్కల పద్దు

సీఎస్ఆర్ మీద నాకేం ద్వేషం లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఇవ్వాలి, చదువు ఆ జాబితాలో ఉంది. అడగండి, తప్పకుండా అడగండి. కాకపోతే రెండు సంగతులు గుర్తుంచుకోండి. సాగుతూ ఉండే ప్రాజెక్టును కూడా మొదలుపెట్టిన ఏడాది కాక మూడేళ్లలో ముగించాలి. 2021 నుంచి మూలధన నిధికి ఇచ్చే విరాళం సీఎస్ఆర్ కింద లెక్కకు రాదు. అంటే "డబ్బు బ్యాంకులో వేస్తాం, వడ్డీతో ఏటా మరమ్మతులు చేసుకోండి" అని కంపెనీ ఇవ్వలేదు. మరుగుదొడ్లు కట్టించి వెళ్తుంది. వాటిని కడిగే మనిషికి జీతం మీరు చూసుకోవాలి.

దాతలూ అంతే. కొత్త గది కట్టిస్తే గోడ మీద పేరుంటుంది. నీళ్ల గొట్టం పూడిక తీయించినందుకు శిలాఫలకం ఎవరు వేస్తారు?

అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా లెక్క. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1990లోనే ఒక కొలమానం చెప్పింది: ప్రభుత్వ భవనాలన్నిటినీ ఈ రోజు కొత్తగా కట్టడానికి ఎంతవుతుందో, అందులో 2 నుంచి 4 శాతం ఏటా మరమ్మతులకు పెట్టాలి. కోటి రూపాయల భవనానికి ఏడాదికి రెండు నుంచి నాలుగు లక్షలు. ఇందాకటి గ్రాంటు పక్కన ఈ అంకె పెట్టుకుని చూడండి. డబ్బున్న దేశాలూ దీన్ని పాటించలేదు. ఇంగ్లండులో బడులు బాగుండాలంటే ఏడాదికి 530 కోట్ల పౌండ్లు కావాలని విద్యాశాఖ అంచనా వేస్తే, ఖజానా ఇచ్చింది సగటున 310 కోట్లు. అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2023 జూన్‌లో ఈ సంగతి బయటపెట్టింది. ఆగస్టు 31న, బడులు తెరవడానికి రోజుల ముందు, వందకు పైగా బడుల్లో గదులు మూసేయమని ఆదేశం వచ్చింది. 1950ల నుంచి 1990ల దాకా వాడిన ఒక రకం తేలికపాటి గాలిబుడగల కాంక్రీటు ఎప్పుడు కూలుతుందో చెప్పలేమని తేలింది మరి. 2018లోనే కెంట్‌లో ఒక బడి పైకప్పు వారాంతంలో కూలింది. హెచ్చరిక అందాక కూడా ఐదేళ్లు గడిచాయి.

బడిగంట

లెక్క చూశాక నాకు నిద్ర పట్టలేదు. మరి ఆంధ్రాలో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో నిర్వహణ నిధి పెట్టారు కదా? మొదటి విడతలోనే 15,715 బడులు, పనులన్నీ తల్లిదండ్రుల కమిటీలే చేయించాయి అని విన్నాను.

లెక్కల పద్దు

పెట్టారు. 2019 నవంబరు 14న పథకం మొదలైంది. తర్వాత అమ్మ ఒడి డబ్బులోంచి మరుగుదొడ్ల నిర్వహణకు ఒక వెయ్యి, బడి నిర్వహణకు ఇంకో వెయ్యి మినహాయించారు. ఏటా వచ్చే నిధి ఒకటి విడిగా ఉండాలన్న ఆలోచన నాకు నచ్చింది. తల్లికి ఇస్తామన్న డబ్బులోంచి కోయడం నచ్చలేదు. ఆ భారం బడ్జెట్ మోయాల్సింది. పైగా అలాంటి నిధి ఆ పథకం ఉన్నన్నాళ్లే ఉంటుంది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, లెక్కల పద్దూ మారుతుంది.

గోడమీద పిల్లి

మా ప్రభుత్వం వచ్చాకే కదా అసలు...

నిర్వాహకుడు

పిల్లి గారి వ్యాఖ్యలో మిగతా భాగం, దానికి వచ్చిన జవాబులు తొలగించాం. పార్టీల గొడవకు వేరే విభాగం ఉంది. ఇక్కడ భవనం, డబ్బు గురించే మాట్లాడండి.

గోడమీద పిల్లి

సరే బాబూ. పనికొచ్చే మాటే చెప్తాను. ఆ రాతి గోడల బ్లాకు బాగుందన్నారు కదా. స్లాబు బిల్డింగు తీసేసి దీని మీదే ఇంకో అంతస్తు వేస్తే? పునాది ఖర్చు మిగులుతుంది.

స్లాబు శాస్త్రి

వద్దు. ఈ మాట మీద నేను మెత్తగా మాట్లాడలేను. 2002 అక్టోబరు 31న ఇటలీలోని సాన్ జులియానో ది పూల్యా అనే చిన్న ఊళ్లో భూకంపానికి బడి కూలి 27 మంది పిల్లలు, ఒక టీచరు చనిపోయారు. పాత భవనం మీద కొత్తగా అంతస్తు వేసిన బడి అది. పాత గోడలు మోస్తున్న బరువును మోయగలవు, నిజమే. పైన కాంక్రీటు అంతస్తు పెడితే భూమి కదిలినప్పుడు అది పక్కకు తోసే బలం వేరు. బాగున్నదాన్ని బాగుండనివ్వండి.

ఇక మరమ్మతా, కొత్తదా అన్న దానికి వస్తాను. పరీక్షల రిపోర్టు వచ్చాక ఒక లెక్క వేయండి: పెండింగులో ఉన్న మరమ్మతుల మొత్తాన్ని, అంతే భవనం కొత్తగా కట్టే ఖర్చుతో భాగించండి. ఐదు శాతం లోపుంటే భవనం బాగున్నట్టు, పది దాటితే బాగోలేనట్టు. మూడింట రెండొంతులకు దగ్గరపడితే కూల్చే ఆలోచన చేయొచ్చు. మధ్యలో ఉన్నవన్నీ సాధారణంగా మరమ్మతుకు లొంగుతాయి. మీ వివరాలు చూస్తే నాలుగైదు బీములు, రెండు గదుల స్లాబు వరకే రోగం ఉండొచ్చని నా అనుమానం. రిపోర్టు రాకుండా రాసివ్వమంటే మాత్రం రాసివ్వను.

మరమ్మతు అంటే పూత కాదని కాంట్రాక్టరుకు గట్టిగా చెప్పండి. డొల్ల కాంక్రీటు ఊచ వెనక దాకా చెక్కాలి. తుప్పు పూర్తిగా గీకాలి. ఊచ సన్నబడిపోయినచోట కొత్తది జతచేయాలి. ఆపైన పాలిమర్ కలిపిన మోర్టారు గానీ మైక్రో కాంక్రీటు గానీ పట్టించాలి. కానీ వీటన్నిటికన్నా ముందు పైనున్న ఆ జానెడు పొరలు దించి, గొట్టాల వైపు సరైన వాలు పెట్టి, నీరు దిగకుండా చేయాలి. వరస తిరగబడితే, అంటే కింద బీములు బాగుచేసి పైన నీళ్లు అలాగే వదిలేస్తే, డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

సుజాత టీచర్

సోలారు, ఎల్ఈడీ లైట్లు పెట్టించి కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో మరమ్మతులు చేయించుకోవచ్చని ఒక శిక్షణలో చెప్పారు. ఇది నిజమేనా, పద్దు గారూ?

లెక్కల పద్దు

పెద్ద బిల్లులు వచ్చే బడులకు నిజమే. ఏసీలు, హీటర్లు నడిచే దేశాల్లో కంపెనీయే ముందు పెట్టుబడి పెట్టి, మిగిలిన బిల్లులోంచి కొన్నేళ్లు తీసుకుంటుంది. పగటి వెలుగులో నాలుగు ఫ్యాన్లు నడిపే బడికి మిగలడానికి అసలు బిల్లే ఉండదు. లైట్లు మార్చండి, మంచిదే, దాంతో బీము బాగవుతుందని మాత్రం ఆశపడకండి.

పడమటిగాలి

ఇక్కడ ఆ పద్ధతి నడుస్తుంది, ఎందుకంటే అవసరం అంత పెద్దది. అమెరికాలో 41 శాతం విద్యా జిల్లాలు తమ బడుల్లో కనీసం సగం చోట్ల గాలి, ఏసీ వ్యవస్థలు మార్చాలని 2020లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం తేల్చింది. పైగా బాండు డబ్బుతో రోజువారీ నిర్వహణ చేయకూడదు. కట్టుకోవచ్చు, కాపాడుకోవడానికి వాడకూడదు. పద్దు గారి మాట ఇక్కడా వర్తిస్తుంది.

బడిగంట

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. వచ్చే వారం కమిటీ సమావేశం ఉంది. ఇలా తీర్మానం రాద్దామనుకుంటున్నాను: "మా బడి భవనం శిథిలావస్థలో ఉంది కనుక కొత్త భవనం మంజూరు చేయవలసిందిగా ప్రార్థన." సరిపోతుందా?

లెక్కల పద్దు

సరిపోదు. ఇలాంటివి ఆఫీసుల్లో కట్టలు కట్టి ఉంటాయి. "ప్రార్థన" అన్న మాట ముందు కొట్టేయండి. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం మీ కమిటీ పని. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని అదే సెక్షన్ చెప్తోంది. మూడేళ్లకు రాయండి, ఏడాదివారీగా విడగొట్టండి, ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే ఇవ్వండి. మొదటి ఏడాది పరీక్షలు, ప్రాపులు, నీటి పారుదల, వైరింగు. రెండో ఏడాది బీములు, స్లాబు. మూడో ఏడాది మిగతావి. ప్రతి ఏడాదిలోనూ నిర్వహణకు ఒక వరస విడిగా ఉండాలి, దాన్ని మిగతా పనుల్లో కలపనివ్వకండి.

స్లాబు శాస్త్రి

రిపోర్టు కూడా గది వారీగా, బీము వారీగా అడగండి. "భవనం బలహీనంగా ఉంది" అన్న ఒక్క వాక్యంతో వచ్చే కాగితం ఎందుకూ పనికిరాదు. పొరల మందం కొలిచిన చోట టేపు పెట్టి ఫొటోలు తీసి జతచేయండి.

2009లో సుప్రీంకోర్టు తీర్పు సంగతి కూడా రాయండి. 2004లో కుంభకోణం బడి అగ్నిప్రమాదంలో 94 మంది పిల్లలు చనిపోయాక వేసిన కేసు అది. చదువుకునే హక్కులో సురక్షితమైన బడి కూడా భాగమేనని కోర్టు చెప్పింది. ఫైలు కదలడానికి అది పనికొస్తుంది.

సుజాత టీచర్

పని జరిగేటప్పుడు ఏ తరగతి ఎక్కడ కూర్చుంటుందో ఒక పట్టిక వేసి అదే ప్రణాళికలో పెట్టండి. తాత్కాలిక షెడ్డు ఖర్చు ఎస్టిమేటులో చేరకపోతే సంతకం చేయొద్దు.

గోడమీద పిల్లి

నేను మాత్రం కొత్తదే మేలంటాను. అయినా ఆ రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.

బడిగంట

పెడతాను పిల్లి గారూ. ప్రాపులు వచ్చాయి, ఇవాళ పెట్టారు. శాస్త్రి గారూ, రెండు ప్రాపుల అడుగున ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు సరిచేశారు. అలా ఉండొచ్చా?

స్లాబు శాస్త్రి

ఉండకూడదు. ఇటుక ముక్కలు తీయించి, మందపాటి చెక్క పలక గానీ ఇనుప ప్లేటు గానీ వేయించి, స్క్రూ తిప్పి ఎత్తు సరిచేయమనండి. ఆ ప్రాపులు అందుకే కొంటారు. ఇప్పుడే ఫోన్ చేయండి, పనివాళ్లు వెళ్లిపోకముందే.